న్యూఆర్క్ ఎవెన్యూలో టవర్లు ఎవరికి, పాత ఇళ్ళు ఎవరికి?

జెర్సీ సిటీ జనాభా 2010లో 2,47,597. 2020 లెక్కల్లో 2,92,449. పదేళ్ళలో దాదాపు 45 వేలమంది పెరిగారు. వాళ్ళలో మన తెలుగువాళ్ళు తక్కువేమీ కాదు. చాలా ఏళ్ళుగా జర్నల్ స్క్వేర్ దగ్గర ఉంటూ ఈ మార్పుని చూస్తున్నాను. సమావేశాల్లో మనం ఎప్పుడూ పెద్దగా చర్చించని విషయం కనుక రాస్తున్నాను.

టొనెల్ ఎవెన్యూకీ కెన్నెడీ బులవార్డ్‌కీ మధ్యనున్న న్యూఆర్క్ ఎవెన్యూ ముక్కనే ఇండియా స్క్వేర్ అంటారు. ఈ పేట మనవాళ్ళకి ఎవరూ పళ్ళెంలో పెట్టి ఇవ్వలేదు. అద్దెలు తక్కువ, పాత్ రైలు దగ్గర అని మొదట గుజరాతీలు వచ్చి స్థిరపడ్డారు. 1987లో "డాట్‌బస్టర్స్" పేరుతో కొందరు భారతీయుల్ని తరిమేస్తామని ఇక్కడి పత్రికకి ఉత్తరం రాశారు. అదే ఏడాది పక్కనున్న హోబోకెన్‌లో ఒక భారతీయ యువకుణ్ణి కొట్టి చంపారు. అప్పుడు కూడా కొట్లు మూసుకుని పోకుండా నిలబడ్డవాళ్ళ వల్లే, వై2కె రోజుల్లో పెట్టెలతో దిగిన మనకి కందిపప్పూ, కరివేపాకూ, తలదాచుకోడానికి గదీ దొరికాయి.

2010లో ఊరు "జర్నల్ స్క్వేర్ 2060" అనే ప్రణాళిక ఆమోదించింది. స్టేషన్ చుట్టూ ఎత్తైన భవనాలకి దారి ఏర్పడింది. 2017లో స్టేషన్ పక్కనే 53 అంతస్తుల మొదటి జర్నల్ స్క్వేర్డ్ టవర్ తెరిచారు. తరవాత దాని పక్కనే మరో రెండు లేచాయి. ఇప్పుడు వెనక వీధుల్లో కూడా రెండు మూడు పాత చెక్క ఇళ్ళ స్థలాలు కలిపి కొత్త అపార్టుమెంట్లు కడుతున్నారు.

టవర్లు కట్టడమే తప్పని నేను అనను. మన్‌హాటన్‌కి రాత్రీ పగలూ రైలున్న చోట ఇళ్ళు కట్టకపోతే, జీతం ఎక్కువున్నవాళ్ళు ఆ పాత ఇళ్ళకే పోటీపడతారు. అద్దెలు ఇంకా పెరుగుతాయి. నా బాధ వేరు. ఒకే బ్లాకులో ఉంటున్నవాళ్ళకి చట్టం ఇచ్చే రక్షణ ఒకేలా లేదు.

ఐదూ అంతకంటే ఎక్కువ వాటాలున్న పాత భవనాల్లో అద్దె పెంపుకి పరిమితి ఉంది. ఏడాదికి 4 శాతం లేదా ధరల పెరుగుదల, ఏది తక్కువైతే అది. కొత్త భవనాలకి మాత్రం 1987 నాటి రాష్ట్ర చట్టం ప్రకారం, యజమాని ముందుగా ఊరికి పత్రాలు దాఖలు చేస్తే, 30 ఏళ్ళదాకా మినహాయింపు దొరుకుతుంది. "రెండు నెలలు ఉచితం" అని టవర్లో చేరిన మన కుర్రాళ్ళకి రెండో ఏడు లీజు కాగితం చూశాకే ఆ సంగతి అర్థమవుతుంది.

రెండు, మూడు, నాలుగు వాటాల ఇళ్ళకి ఈ అద్దె నియంత్రణ అసలు వర్తించదు. సరైన కారణం లేకుండా ఖాళీ చేయించకూడదన్న 1974 నాటి రాష్ట్ర చట్టం కూడా, యజమాని తానూ ఉంటూ ఒకటి రెండు వాటాలే అద్దెకిచ్చిన ఇంటికి వర్తించదు. కొత్తగా వచ్చిన విద్యార్థులూ, ఇండియా నుంచి అమ్మానాన్నల్ని తెచ్చుకున్న కుటుంబాలూ ఉండేది సరిగ్గా ఇలాంటి ఇళ్ళలోనే. టవర్లలో ఎక్కువగా కనిపించేవి స్టూడియోలూ, ఒక పడకగది వాటాలూ. ఆరుగురున్న సంసారం కూలిన ఇంట్లోంచి టవర్లోకి మారదు. రైలు లేని చోటికి పోతుంది.

దుకాణాలది మరీ అన్యాయం. వాటి అద్దెకి నియంత్రణ లేదు. చాలా లీజుల్లో ఆస్తిపన్ను పెరిగితే ఆ భారం కూడా కొట్టువాడిదే. 1988 తరవాత మళ్ళీ 2018లోగాని ఊళ్ళో ఆస్తుల విలువ తిరిగి కట్టలేదు. అదే ఏడాది వచ్చిన రాష్ట్ర చట్టంతో స్కూళ్ళకిచ్చే సాయంలో ఏటా కోతపడింది. 2022లో స్కూలు పన్ను బాగా పెరిగింది. ఆ పెంపు చివరికి ఇడ్లీ ప్లేటు ధరలోనూ కనిపిస్తుంది.

ఇంకో లెక్క కూడా చూడండి. పెద్ద భవనాలు కొన్నిటికి మామూలు ఆస్తిపన్ను బదులు "పైలట్" అనే ఒప్పందపు చెల్లింపు ఉంటుంది. దీర్ఘకాలపు ఒప్పందాల్లో అందులో 95 శాతం ఊరికి, 5 శాతం కౌంటీకి పోతుంది. స్కూళ్ళకి నేరుగా వాటా లేదు. టవర్లో కాపురం పెట్టిన కుటుంబం పిల్లలు చదివేదీ ఆ బళ్ళలోనే కదా!

ఇక్కడ మనవాళ్ళు అన్ని వైపులా ఉన్నారు. టవర్లో అద్దెకున్నది మనమే, రెండు వాటాల ఇల్లు కొని మంచి ధరకోసం చూస్తున్నది మనమే, బేస్‌మెంట్లో సర్దుకున్నదీ, కొట్టు నడుపుతున్నదీ మనమే. ఇల్లు అమ్ముకున్నవాళ్ళని తప్పుపట్టను. హైదరాబాదులో పాత ఇల్లు డెవలప్‌మెంటుకి ఇచ్చినవాళ్ళు మనలో ఎందరు లేరు? అక్కడైనా ఇక్కడైనా బేరంలో కూర్చునేది యజమానీ బిల్డరూ. అద్దెకున్నవాడికి ఆ గదిలో కుర్చీ లేదు.

ఆ కుర్చీ ఉండవలసింది ప్లానింగ్ బోర్డులోనూ, సిటీ కౌన్సిల్లోనూ. ఆ సమావేశాలు బహిరంగంగానే జరుగుతాయి. మాట్లాడటానికి ఓటుహక్కు అక్కర్లేదు. అడగవలసినవి కూడా కష్టమైనవేం కాదు. మూడు పడకగదుల వాటాలు ఎన్ని? తక్కువ ఆదాయం వాళ్ళకి ఎన్ని? కింది అంతస్తులో చిన్న కొట్లకి చోటుందా, లేక ఒకే పెద్ద చైన్ స్టోరుకా? పైలట్ డబ్బులో స్కూళ్ళకి ఎంత ఇస్తారు? టవర్లో ఉన్నవాళ్ళు తమ భవనానికి అద్దె మినహాయింపు పత్రాలు నిజంగా దాఖలయ్యాయా అని ఊరి ఆఫీసులో అడగవచ్చు.

మన సంఘాలు ఉగాదికి వందలమందిని ఒక హాల్లో కూర్చోబెడుతున్నాయి. వాళ్ళలో పదిమంది ఈ ప్రశ్నలతో ఒక్క సాయంత్రం కౌన్సిల్‌కి వెళ్ళినా, రేపు ఇండియా నుంచి దిగేవాడికి ఈ వీధిలో గది దొరికే అవకాశం మిగులుతుంది.