ముసలి గుర్రము, అలసిన గుండె



జనగామ ప్రాంతము నుండి ఒక సహోదరుడు మాకు ఉత్తరము వ్రాశాడు. ఆయన కుటుంబము పెండ్లి ఊరేగింపులకు గుర్రమును అద్దెకు ఇచ్చి బ్రతుకుతున్నది. ఉన్నది ఒకే ఒక ఆడ గుర్రము. దానికి ఇరవై ఏండ్లు దాటాయి. దాని కష్టము మీదనే పిల్లల చదువులు సాగాయి, పెద్దమ్మాయి పెండ్లి జరిగింది. ఈ మధ్య అది తొందరగా అలసిపోతున్నదని పశువుల డాక్టరుగారికి చూపిస్తే, గుండెలో చప్పుడు ఉన్నదని చెప్పారట. ఎండాకాలపు ముహూర్తములకు అప్పటికే బయానాలు తీసికొని ఉన్నాడు. "అయ్యగారూ, దీనిమీద ఇంకా పెండ్లికొడుకును ఎక్కించవచ్చునా? లేక అమ్మివేయనా? అమ్మితే కొన్నవాడు దీనిని ఎట్లా తోలుతాడో నాకు తెలుసు" అని అడిగాడు.

ఆయన ఒక్కరికే జవాబు వ్రాసి ఊరుకొనక, ఈ పేజీలో అందరికీ వ్రాస్తున్నాము. జనగామ నుండి మానుకోట వరకు, అటు భూపాలపల్లి వరకు మన పల్లెలలో గుర్రము ఉన్న ఇల్లు అరుదే. కాని బారాత్‌లో గుర్రము ముందు నిలువని ఇల్లు ఇప్పుడు తక్కువ. పైగా ముసలి ఎద్దు, వట్టిపోయిన బర్రె ఏ కొట్టములోనైనా ఉంటుంది. మనకు పనిచేసి ముసలిదైన పశువును ఏమి చేయాలన్నది మనందరి ప్రశ్న. పశువైద్యము తెలిసినవారు చెప్పే సంగతులను ఇక్కడ సులభముగా వివరిస్తాము.

గుండెలో చప్పుడు అంటే ఏమిటి?

గుర్రము గుండె దాని శరీరపు బరువులో నూటికి ఒక పాలు ఉంటుంది. 400 కిలోల గుర్రమునకు దాదాపు 4 కిలోల గుండె అన్నమాట. ఆ గుండెలో నాలుగు గదులు, నాలుగు కవాటములు ఉంటాయి. చెరువు కింద సేద్యము చేసేవారికి కవాటమును గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. అది తూము తలుపు వంటిది. తెరిచినప్పుడు నీరు పోవాలి, మూసినప్పుడు ఆగాలి. తలుపు అంచు అరిగితే మూసినా నీరు కారుతూనే ఉంటుంది. ముసలి గుర్రములలో ఎక్కువగా చెడిపోయేది గుండె నుండి శరీరమునకు రక్తము వెళ్ళే పెద్ద ధమని మొదట్లో ఉన్న కవాటము. బయటికి పోయిన రక్తములో కొంత అక్కడ వెనుకకు కారుతుంది. డాక్టరుగారు గొట్టము పెట్టి విన్న చప్పుడు సాధారణముగా అదే.

చప్పుడు ఉన్న ప్రతి గుర్రము రేపే పడిపోదు. కొద్దిగా కారే కవాటముతో ఏండ్ల తరబడి నెమ్మది పని చేసే గుర్రములు ఉన్నాయి. కాని కారుట ఎక్కువైతే, తిరిగి వచ్చిన రక్తమును మళ్ళీ తోయడానికి గుండె పెద్దదవుతుంది, తరువాత దాని లయ తప్పుతుంది. ఎడమవైపు పై గదికి, క్రింది గదికి నడుమనున్న కవాటము కారితే ఊపిరితిత్తుల మీద ఒత్తిడి పడుతుంది. అది మరింత ప్రమాదము. కాబట్టి చప్పుడు ఉన్నదన్న మాటతోనే ఇంటికి రాకండి. ఏ కవాటము, ఎంత కారుతున్నది, లయ సరిగా ఉన్నదా అని అడగండి. మనుషులకు వలెనే గుర్రములకు కూడ ఇ.సి.జి., గుండె స్కానింగు తీస్తారు. ఆ పరీక్షలు ఎక్కడ చేయించాలో మీ మండల పశువైద్యుని అడగండి. వరంగల్ దగ్గర మామునూరులోను, హైదరాబాదు రాజేంద్రనగర్‌లోను పశువైద్య కళాశాలలు ఉన్నాయి. పశువు కదలలేని స్థితిలో ఉంటే 1962కు ఫోను చేస్తే సంచార పశువైద్యశాల సహాయము దొరుకుతుంది.

చేతి గడియారముతో చేయగల పరీక్ష

నాడి చూడడానికి చదువు అక్కరలేదు. గుర్రము దవడ ఎముక క్రింది అంచు లోపలివైపు మూడు వ్రేళ్ళు ఆనించి మెల్లగా జరిపితే పెన్సిలంత లావున నాడి తగులుతుంది. బొటనవ్రేలు పెట్టకూడదు, మన నాడినే దాని నాడి అనుకొంటాము. నాడి దొరకకపోతే ఎడమ ముందుకాలి మోచేయి వెనుక ప్రక్కటెముకల మీద అరచేయి పెట్టి చూడండి. గుర్రము కొట్టములో నెమ్మదిగా నిలిచినప్పుడు నిమిషమునకు 28 నుండి 44 సార్లు కొట్టుకోవాలి. వారానికి రెండుసార్లు చూసి తేదీ వేసి పుస్తకములో వ్రాసి పెట్టండి. విశ్రాంతిలో ఉండగానే 60 దాటితే ఆ రోజే డాక్టరును పిలవాలి.

మరొక సంగతి. ఆరోగ్యమైన గుర్రమునకు కూడ విశ్రాంతిలో అప్పుడప్పుడు ఒక కొట్టు తప్పుతుంది. కాస్త నడిపిస్తే ఆ తేడా పోతుంది. దానికి భయపడవద్దు. కాని నడిపించిన తరువాత కూడ ఒక పద్ధతి లేకుండా, ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరముగా కొట్టుకొంటే అది లయ చెడిన గుండె.

పని ఆపిన పది పదిహేను నిమిషములకు మళ్ళీ లెక్కపెట్టండి. దూరపు స్వారీ పోటీలలో పశువైద్యులు 64ను హద్దుగా పెట్టి, ఆ లోపునకు దిగని గుర్రమును ముందుకు పోనివ్వరు. పందెపు గుర్రములకే ఆ హద్దు ఉన్నప్పుడు, బారాత్‌లో నడిచిన ముసలి గుర్రము ఇంకా తక్కువకు దిగాలి. నెల నెలకు దిగే సమయము పెరుగుతున్నదంటే గుండె ఓడిపోతున్నదని అర్థము.

ఎక్కించవచ్చునా?

ఈ ప్రశ్నకు సూటిగా జవాబు చెబుతాము. కారుట కొద్దిగానే ఉండి, లయ సరిగా ఉండి, డాక్టరు పరీక్షించి ఒప్పుకొంటే, నెమ్మది నడకకు ఎక్కవచ్చు. ఎక్కేవాడు గుర్రము సంగతి తెలిసిన పెద్దవాడై ఉండాలి. మనిషి, జీను కలిపి గుర్రము బరువులో అయిదవ వంతు దాటకూడదని సాధారణ లెక్క. 300 కిలోల పొట్టి గుర్రమునకు అది 60 కిలోలు. జబ్బు గుర్రమునకు అంతకంటె తగ్గించాలి. ఈ లెక్కన పట్టుబట్టలు, తలపాగాతో పెండ్లికొడుకు, అతని ముందు ఒక చిన్న పిల్లవాడు అంటే మన సహోదరుని గుర్రమునకు ఎక్కువ బరువే. పిల్లలను అసలే ఎక్కించకూడదు. గుండె లయ తప్పిన గుర్రము హెచ్చరిక లేకుండా కూలిపోవచ్చు. అప్పుడు దానితోపాటు పైనున్నవాడు కూడ పడతాడు.

బారాత్‌లో నడక ఒక్కటే కాదు. డి.జె. మోత, టపాకాయలు, మీద పడే జనము, కాళ్ళు ఎత్తి ఆడించడము ఉంటాయి. గుర్రము గుండె పనికే కాక భయమునకు కూడ వేగముగా కొట్టుకొంటుంది. మెల్లగా నడిచే గుర్రమైనా భయముతో పరుగెత్తిన గుర్రమంత అలసిపోతుంది. కనుక చప్పుడు ఉన్న గుండెతో ఆ గుర్రమును డి.జె. ముందు నిలబెట్టకూడదు, నాట్యము చేయించకూడదు.

ఈ గురుతులు కనబడితే ఎక్కడము ఆ రోజే మానాలి: నడుస్తూ తూలడము లేక సొమ్మసిల్లడము, విశ్రాంతిలో రొప్పడము, తగ్గని దగ్గు, రొమ్ము క్రిందను పొట్ట క్రిందను వాపు, తల ఎత్తి నిలిచినప్పుడు మెడ నరము పై వరకు కొట్టుకోవడము. మనుషుల గుండె మాత్రలు తెచ్చి వేయకండి. మందు, మోతాదు డాక్టరే చెప్పాలి.

మేత, నీడ, నడక

గుర్రము గుడ్డిదైనా దానాలో తక్కువ లేదని మనవారు సామెతగా ఎగతాళి చేస్తారు. నిజానికి ముసలి గుర్రమునకు దానా తగ్గించకూడదు, మార్చాలి. దాని పండ్లు అరిగిపోయి ఉంటాయి. నమిలిన గడ్డిని ఉండలుగా క్రింద రాలుస్తుంటే పండ్ల జబ్బు అని తెలిసికోండి. వాడిగా పెరిగిన అంచులను డాక్టరు ఆకురాయితో సరిచేస్తారు. ఉలవలు ఉడికించి, పచ్చిగడ్డి చిన్నగా కోసి, రోజుకు మూడు నాలుగు సార్లు కొద్ది కొద్దిగా పెట్టాలి. చౌక అని తవుడు ఒక్కటే పెడితే ఎముకలు బలహీనమవుతాయి. ఉప్పు, చల్లని నీరు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. పని లేదని రోజంతా కట్టివేయకుండా ఉదయము సాయంత్రము చదునైన నేల మీద నడిపించాలి.

గుండెను చంపే రెండు విషములు మన వాకిళ్ళలోనే ఉన్నాయి. ఒకటి గన్నేరు. పచ్చిదైనా ఎండినదైనా దాని ఆకు కొద్దిగా తిన్నా గుర్రము చనిపోగలదు. ఆ చెట్టు దగ్గర కట్టవద్దు, కొట్టిన కొమ్మలను మేతలో కలియనీయవద్దు. రెండవది కోళ్ళ దానా. కోళ్ళ ఫారముల దానాలో మోనెన్సిన్ వంటి మందు కలుపుతారు. కోడికి మేలు చేసే ఆ మందు గుర్రము గుండె కండను చంపుతుంది. మిగిలిన బస్తా అని గుర్రము ముందు పోయకండి.

ఎద్దులు, బర్రెలు ఉన్నవారికి ఒక మాట. మేతతో తీగ ముక్క, మేకు మింగితే అది కడుపును పొడిచి గుండె పొరను చేరుతుంది. గంగడోలులో నీరు దిగడము, మోచేతులు ఎడముగా పెట్టి నిలవడము దాని గురుతులు. మేత వేసే చోట ఇనుప ముక్కలు ఏరివేయడము పిల్లలకు అప్పగించదగిన పని.

గుర్రమును పిలిపించే ఇండ్లవారికి

భారము గుర్రము యజమానిది మాత్రమే కాదు. వయసు వలన గాని జబ్బు వలన గాని పనికి తగని పశువుతో పని చేయించడము 1960 నాటి జంతు హింస నివారణ చట్టము ప్రకారము నేరము. 1965 నాటి నియమముల ప్రకారము బరువు లాగే, మోసే పశువులతో రోజుకు 9 గంటలకు మించి గాని, విశ్రాంతి లేకుండా 5 గంటలకు మించి గాని పని చేయించకూడదు. 37 డిగ్రీలు దాటిన చోట మధ్యాహ్నము 12 నుండి 3 వరకు వాటిని పనికి పెట్టకూడదు. మే నెలలో మన జనగామ ఎండ ఆ హద్దును ఎంత దాటుతుందో మీకు తెలుసు. మీ ఇంటి పెండ్లికి గుర్రము వస్తే వయసు అడగండి. నీళ్ళ బకెట్టు పెట్టించండి. టపాకాయలు దూరముగా కాల్పించండి. "డబ్బులు ఇచ్చాము కదా" అన్న మాట విశ్వాసుల ఇంట వినబడకూడదు.

కైరోలోని ముసలి గుర్రములు

1914 నుండి 1918 వరకు జరిగిన యుద్ధములో ఈజిప్టు, పాలస్తీనా ప్రాంతములలో వేలాది గుర్రములు పనిచేశాయి. మన హైదరాబాదు లాన్సర్ల దళము కూడ అక్కడ ఉన్నది. యుద్ధము ముగిసిన తరువాత సైన్యపు గుర్రములు అనేకము అక్కడే అమ్ముడుపోయాయి. 1930లో డొరతీ బ్రూక్ అనే ఇంగ్లీషు స్త్రీ కైరో వెళ్ళి, ఆ గుర్రములు ముసలివై, ఎముకలు తేలి, ఇంకా బండ్లు లాగడము చూసింది. 1931లో ఆమె ఇంగ్లాండులోని ఒక పత్రికకు ఉత్తరము వ్రాస్తే ప్రజలు డబ్బు పంపారు. ఆ డబ్బుతో ఆమె దాదాపు 5,000 గుర్రములను కొన్నది. వాటిని తోలినవారు నిరుపేదలని ఎరిగి, వారిని తిట్టక వెల కట్టి ఇచ్చింది. చాలా గుర్రములకు మిగిలినది కొన్నాళ్ళ మేత, నీడ, తరువాత బాధలేని చావు మాత్రమే. 1934లో ఆమె అక్కడ ఉచిత ఆసుపత్రి స్థాపించింది. ఆ సంస్థ ఇప్పుడు మన దేశములో కూడ పనిచేస్తున్నది.

ఆమె చేసిన పనిలో మనకు రెండు పాఠములు ఉన్నాయి. పశువు మీద దయ పేద యజమాని మీద కోపముగా మారకూడదు. బాధ ఇక తగ్గదని డాక్టరు చెప్పినప్పుడు దానిని ఈడ్చుకుంటూ బ్రతికించడము కూడ దయ కాదు.

కాబట్టి, సహోదరుడా, ముందు పూర్తి పరీక్ష చేయించు. దూరపు ఊరేగింపుల బయానాలు తిరిగి ఇచ్చివేయి. డాక్టరు ఒప్పుకొంటే సాయంత్రపు చల్లని వేళ, మోత లేనిచోట, కొద్ది దూరము మాత్రమే నడిపించు. వద్దంటే ఆ రోజుతో జీను దించు. జబ్బు దాచి అమ్మవద్దు. అది కొనేవానికి మోసము, గుర్రమునకు శిక్ష. నీ సంఘపు పెద్దలకు కూడ మేము చెబుతున్నాము: ఈ కుటుంబము రెండు గొర్రెలో, ఒక బర్రెనో కొనుక్కొనే వరకు చేయూత ఇవ్వండి. పశువు మీద దయ చూపుమని ఒక పేదవానికి చెప్పి, అందుకు అయ్యే ఖర్చంతా అతని మీదనే వేయడము న్యాయము కాదు.

విశ్రాంతి దినపు ఆజ్ఞలో దేవుడు ఇంటి యజమానితోపాటు అతని పశువును కూడ లెక్కించాడు. సామెతల గ్రంథము 12వ అధ్యాయము 10వ వచనమును ఈ రాత్రి కుటుంబ ప్రార్థనలో చదివి, మీ కొట్టములో ఉన్న ముసలి ప్రాణిని ఒకసారి వెళ్ళి చూసి రండి. ప్రభువు మీ ఇండ్లను, మీ కొట్టములను దీవించునుగాక.