దుర్యోధనుణ్ని ఆపే మొనగాడు!

చిత్తూరు ప్రాంతంలో ధర్మరాజుల గుళ్ల దగ్గర భారతం ఆడటం చూశారా? చాలాచోట్ల 18 రోజుల ఉత్సవం. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. దుర్యోధనుడు మీసం మెలేసి పద్యం ఎత్తుకోబోతుంటాడు. సరిగ్గా అప్పుడే హాస్యగాడు అడ్డం వస్తాడు. ఎవరు ఎంత చదివించారో గట్టిగా చెబుతాడు. 'ఊరి పెద్దాయన చెయ్యి ఇంకా జేబులోంచి బయటికి రాలేదే!' అని ఓ విసురు విసిరి, 'ఇక కానివ్వండి మహారాజా' అంటాడు. జనం ఒకటే నవ్వు. పెద్దాయనతో సహా!

రసభంగం కాదూ అంటారా? అదే జనం అర్జునుడు తపస్సుమాను ఎక్కిన రోజు చేతులెత్తి మొక్కుతారు. పైనున్నది వేషగాడేనని తెలిసినా, అతను విసిరే పండు కోసం పిల్లల్లేని ఆడవాళ్లు భక్తితో కొంగు పడతారు. నవ్వు నవ్వే, నమ్మకం నమ్మకమే.

రెండువేల నాలుగొందల ఏళ్ల కిందటి గ్రీకులకూ ఈ కిటుకు తెలుసు. అరిస్టోఫెనీస్ రాసిన 'శాంతి' నాటకం క్రీ.పూ. 421లో ఏథెన్సులో ఆడింది. అందులో కథానాయకుడు పేడపురుగు మీదెక్కి దేవలోకానికి ఎగురుతాడు. నిజానికి అతణ్ని పైకి లేపేది క్రేను లాంటి యంత్రం. సగం దూరంలో భయమేసి, జాగ్రత్తగా నడపమంటూ ఆ యంత్రం తిప్పేవాణ్నే బతిమాలుకుంటాడు!

'ఇది నాటకమే' అని ఒప్పేసుకుంటే నటుడికి ఓ చనువు వస్తుంది. ఆ చనువుతోనే అరిస్టోఫెనీస్ క్రీ.పూ. 424లో 'అశ్వికులు' నాటకంలో, ఏథెన్సు రాజకీయాల్లో చక్రం తిప్పుతున్న క్లియాన్‌ని ఉతికి ఆరేశాడు. అప్పటి నాటకాల్లో కథ మధ్యలో ఆగేది. బృందగాయకులు నేరుగా జనంతో మాట్లాడేవారు. క్రీ.పూ. 404లో ఏథెన్సు యుద్ధంలో ఓడిపోయింది. ఆ తర్వాత ఆయన రాసినవాటిలో మనకు మిగిలినవి 2 నాటకాలు. వాటిలో ఆ ఘట్టమే లేదు.

తిరుపతి గంగజాతరలో బండవేషం కట్టినవాళ్లు ఎదురొచ్చినవాళ్లని తిట్టిపోస్తారు. ఎవరూ నొచ్చుకోరు. తిట్టింది మనిషి కాదు, వేషం! హాస్యగాడిదీ ఆ చనువే. సినిమా పాటకి గెంతి, దాతల పేర్లు చదివేసి వెళ్లిపోతే అతనికే హాయి. కానీ పెద్దాయన జేబు గురించి అడిగే నోరు ఊళ్లో ఇంకెవరికుంది?