గుండెపోటు వచ్చేదాకా ఆగాలా?

2018 సెప్టెంబరులో రాంచీలో ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ బీమా పథకం పేద కుటుంబానికి ఏటా 5 లక్షల రూపాయల దాకా ఆసుపత్రి వైద్యం హామీ ఇస్తుంది. రోగి డిశ్చార్జి అయ్యాక 15 రోజుల వరకు మందుల ఖర్చునూ భరిస్తుంది. ఆ తరువాత భారం రోగిదే. అయితే రక్తపోటు, మధుమేహం 15 రోజుల్లో విడిచిపోయే వ్యాధులు కావు. అవి జీవితాంతం వెన్నంటి ఉంటాయి.

ఈ వ్యాధుల విస్తృతి పాలకులకు తెలియనిది కాదు. దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉన్నదని, వయోజనుల్లో 35.5 శాతం మందికి అధిక రక్తపోటు ఉన్నదని ఐసీఎంఆర్ అధ్యయనం 2023లో అంచనా కట్టింది.

పరిష్కారమూ తెలియనిది కాదు. 2017 నవంబరులో మొదలైన భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమం తొలిదశలో పంజాబ్, మధ్యప్రదేశ్, కేరళ, మహారాష్ట్ర, తెలంగాణలలో అమలైంది. అందులో ఖరీదైన యంత్రాలేవీ లేవు. వైద్యులందరూ అనుసరించే ఒకే చికిత్సా క్రమం, ఆమ్లోడిపిన్, టెల్మిసార్టాన్ వంటి చవక మాత్రలు, ఒకేసారి 30 రోజులకు సరిపడా సరఫరా, వచ్చిన ప్రతిసారీ రక్తపోటు నమోదు, రానివారికి కబురు: ఇంతే. 2022లో దీనికి ఐక్యరాజ్యసమితి పురస్కారం లభించింది. తమిళనాడు 2021 ఆగస్టు నుంచి 'మక్కళై తేడి మరుత్తువం' పేరిట ఈ మందులను రోగుల ఇళ్లకే చేరుస్తున్నది.

మరి రాజకీయ పక్షాలు దీనిని ఎందుకు నినాదం చేసుకోవు? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ఆరోగ్యశ్రీ మొదలైన నాటి నుంచి బీమా కార్డు ఎన్నికల సరకు అయింది. అది ఎన్నో కుటుంబాలను అప్పుల నుంచి కాపాడిన మాట నిజం. కానీ శస్త్రచికిత్సకు లబ్ధిదారు ఉంటాడు, ఫొటో ఉంటుంది. రాకుండా ఆగిన పక్షవాతానికి లబ్ధిదారు పేరు రాయడం ఎవరి తరం? అందుకే పది రూపాయల మాత్ర వద్ద చేయి ముడుచుకునే ప్రభుత్వమే, మూత్రపిండాలు చెడిన తరువాత డయాలసిస్‌కు లక్షలు చెల్లిస్తుంది.

ఆరోగ్య మందిరాలలో కోట్లాది మందికి పరీక్షలు జరిపామని కేంద్రం చెబుతున్నది. పరీక్ష చికిత్స కాదు. వ్యాధి ఉన్నదని చెప్పి, మరుసటి నెల మాత్రలు లేవని పంపివేస్తే ఆ పరీక్ష వల్ల ఫలితమేమిటి?

లెక్క మారాలి. నమోదైన రోగులలో ఎందరి రక్తపోటు 140/90 లోపు ఉన్నదో, ఏ ఉపకేంద్రంలో ఎన్ని రోజులు మందులు నిండుకున్నాయో ప్రతి జిల్లా మూడు నెలలకొకసారి బహిరంగంగా ప్రకటించాలి. బీమా నిధులలో కొంత భాగం బయటిరోగుల మందులకు చట్టబద్ధంగా కేటాయించాలి. ఎన్ని శస్త్రచికిత్సలు చేయించామన్నది చాటుకునే ప్రభుత్వాలను, ఎన్నింటి అవసరం రాకుండా చూశారని ఓటరు నిలదీయాలి.