పిల్లలు రాకెట్టు చేయరాదా?

గత దీపావళినాడు హోట్గి రోడ్డులో మా వీథి బాలుడొకడు టపాకాయలను విప్పి, వానిలోని మందును ఇనుప గొట్టములో కూరి, ఆ గొట్టమునకు అట్టరెక్కలంటించి, ప్రక్కన ఎర్రరంగుతో "అగ్ని" అని వ్రాసెను. వత్తి ముట్టించగా అది పైకి లేవలేదు, ప్రేలినది. అరచేయి కాలుటతో గండము గడచినది. మరునాటినుండి మా ప్రాంతమున రాకెట్టు అను మాటయే నిషిద్ధమైనది. వాడు చేసినది పెద్ద తప్పు. అయితే అందులకై పిల్లలందరిని రాకెట్టుకు దూరము చేయుటయు తప్పేయని నా అభిప్రాయము.

ఈ కోరిక వారికెట్లు పుట్టినదో మొదట ఆలోచింపవలెను. విమానాశ్రయము మన రోడ్డుననే యున్నది. విమానములకు అడ్డుగా నున్నదని సిద్ధేశ్వర చక్కెర కర్మాగారపు పొగగొట్టమును 2023 జూనులో కూల్చుట ఊరంతయు చూచినది. 2025 జూనులో గోవాకు విమానము నడచుట ఆరంభమైనది. మరమగ్గముల రొదలో పెరిగిన బాలుడు ఆ క్రొత్త ధ్వనికి తలయెత్తి చూడకుండునా? పృథ్వి 1988 ఫిబ్రవరి 25న, అగ్ని 1989 మే 22న తొలిసారి ఎగిరినవి. ఆ రెండు క్షిపణులును హైదరాబాదులోని రక్షణ పరిశోధనాలయమున రూపొందినవని విన్నప్పుడు, ఇంట తెలుగు మాటాడు పిల్లవానికి అవి మనవే యనిపించుట సహజము.

ఇటువంటి ప్రమాదములు ఇతర దేశములందును జరిగినవి. 1957 అక్టోబరు 4న సోవియట్ దేశము స్పుత్నికును ఆకాశమునకు పంపగా, అమెరికాలో ఎందరో బాలురు లోహపు గొట్టములలో మందు కూరి రాకెట్లు చేయబోయి గాయపడిరి. అచ్చట ఊరకే నిషేధించి కూర్చుండలేదు. నెబ్రాస్కా రాష్ట్రమున ఆర్విల్ కార్లైల్ అను చెప్పుల వర్తకుడు అప్పటికే, అనగా 1954లో, కాగితపు గొట్టము, తేలిక కర్రరెక్కలు గల చిన్న రాకెట్టు నొకదానిని చేసియుండెను. సోదరుని ఉపన్యాసములకు ప్రదర్శనగా చేసిన వస్తువది. జి. హ్యారీ స్టైన్ అను రాకెట్టు నిపుణుడు దాని విలువను గుర్తించి 1957లో అట్టి రాకెట్ల అమ్మకమునకు సంస్థ నెలకొల్పెను. అందులోని కిటుకొక్కటే: నిపుణులు చేసి మూసిన మందుగొట్టమును కొనవలెనే గాని పిల్లలు మందును చేత ముట్టరాదు. రాకెట్టులో లోహముండరాదు, ఇనుము ప్రేలినచో దాని తునక తూటాయే.

అట్టి మందుగొట్టములు మన అంగళ్లలో సులభముగ దొరకవు. ఇంట మందు చేయుట 1884 నాటి ప్రేలుడు పదార్థముల చట్టమునకు విరుద్ధము. కనుక నిప్పును వదలివేయుదము.

ఇక రెండవ తప్పు. ఆ బాలుని మందలించినవారిలో ఒక్కరును దీనిని గూర్చి మాటాడలేదు; నాకు మాత్ర మిదియే ముఖ్యముగ తోచుచున్నది. వాడు పటములోని క్షిపణిని చూచి చూచినట్లు దింపినాడు. రెక్కలు పటములో చిన్నవి, కనుక వీడును చిన్నవే అంటించెను. అసలు క్షిపణి లోపల అది ఏ ప్రక్కకు ఒరిగినదో కనిపెట్టు పరికరములున్నవి. క్షణక్షణమును దిక్కు సరిదిద్దు యంత్రాంగమున్నది. మన గొట్టములో నేమున్నది? దారి చూపువాడు లేని వస్తువునకు రెక్కలే దిక్కు. వాని రాకెట్టు ప్రేలక లేచినను తలక్రిందులై ఎవరి ఇంటిలోనో దూరెడిది. తారాజువ్వకు పొడవాటి పుల్ల కట్టుట అందమునకు గాదు. 1780లో పొల్లిలూరు యుద్ధమున మైసూరువారు ప్రయోగించిన ఇనుప రాకెట్లకును వెదురు బద్దలు కట్టుట ఇందులకే. రాకెట్టు బరువు నిలుచు చోటు ముందుండవలెను. గాలి ఒత్తిడి నిలుచు చోటు దానికి వెనుక నుండవలెను. అప్పుడే అది ముక్కుసూటిగా పోవును. మగ్గమునుండి నాడె దారితప్పి ఎగిరివచ్చిన నెంత గాయమగునో మన పెద్దలకు వేరుగ చెప్పనక్కరలేదు.

ఈ పాఠమంతయు నీటితో నేర్వవచ్చును. శీతల పానీయపు ప్లాస్టికు సీసాలో మూడవవంతు నీరు పోసి, రబ్బరు బిరడాకు సైకిలు ట్యూబు వాల్వు నమర్చి, మూతి క్రిందికి వచ్చునట్లు గద్దెపై నిలిపి గాలి కొట్టినచో, బిరడా ఊడి నీరు క్రిందికి చిమ్మును, సీసా పైకి లేచును. మన మగ్గపు ఇండ్లలో నూలు విప్పిన పిదప పారవేయు కాగితపు కోను చిన్నసీసా అడుగునకు ఇంచుమించు సరిపోవును. దాని కొనలో గుడ్డపీలికల ముద్ద కుక్కవలెను. ముక్కు మెత్తగా నుండును, బరువును ముందుకు వచ్చును. మూతివైపు మూడు నాలుగు పెద్ద అట్టరెక్కలు చాలును. ఎగురవేయుటకు ముందు, ఖాళీ సీసాను త్రాసువలె నిలుచు చోట దారముతో కట్టి తలచుట్టు త్రిప్పి చూడవలెను. ముక్కు ముందుండి తిరిగిన మంచిది. వెనుదిరిగినచో రెక్కలనైనను, ముక్కు బరువునైనను పెంచవలెను. క్షిపణి వేషము వేయదలచినవారు ఈ పరీక్షకు నిలిచిన పిదపనే రంగు పూయుదురు గాక.

నీరే గదాయని అలక్ష్యము కూడదు. గీతలు పడిన సీసా పనికిరాదు. గేజిగల పంపుతో చదరపు అంగుళమునకు 50 పౌండ్లు మించనీయరాదు. బిరడా ఎప్పుడూడునో ముందుగ తెలియదు కనుక పంపునకు పొడవైన గొట్టముండవలెను; ఎవరును సీసాపైకి వంగి చూడరాదు. విమానాశ్రయపు ప్రక్క మైదానములలో ఏ రాకెట్టును, నీటిదైనను, ఎగురవేయరాదు. పంట తీసిన చేను ఊరికి దూరముగ చూచి, రైతు నడిగి, ఉపాధ్యాయుని వెంట పోవలెను.

పిల్లలకు ఆయుధపు బొమ్మ ఏలయని అడుగువారు కలరు. ఆ ప్రశ్నను నేను తేలికగ త్రోసివేయను. కాని అగ్ని మొదటి అంచె ఉపగ్రహమును మోయుటకు కట్టిన ఎస్.ఎల్.వి.–3 రాకెట్టునుండి వచ్చినది. ఆ ఎస్.ఎల్.వి. 1979 ఆగస్టు 10న బంగాళాఖాతమున పడినది. దాని నాయకుడు అబ్దుల్ కలామును ఎవరును ఇక రాకెట్టు మాట ఎత్తవలదనలేదు. 1980 జూలై 18న అదియే రోహిణి ఉపగ్రహమును కక్ష్యలో నిలిపినది. గొట్టముపై "అగ్ని" యని వ్రాయువాడు "రోహిణి" కథయు తెలిసికొన్న చాలును.

మన పాఠశాల విజ్ఞాన ప్రదర్శనమున ఈ యేడు నీటి రాకెట్టుకు తావీయవలెనని ప్రధానోపాధ్యాయులను కోరుచున్నాను. కోనులు మా యింటినుండి తెత్తును. అరచేయి మానినది గనుక పంపు కొట్టు పనికి ఆ బాలునే పిలువవలెను. రెక్క లీమారు ఎంత పెద్దవి పెట్టునో చూతము.