రెండు కాగితాలు – ఒక కాపురం

ప్రొద్దుటూరు నుంచి ఒక సోదరి వ్రాసిన ఉత్తరం ఇది. పేరు వేయవద్దన్నారు, వేయటం లేదు.

“నా పుట్టిల్లు జమ్మలమడుగు. అత్తవారిది పులివెందుల. మావారి వ్యాపారం మూలంగా ప్రొద్దుటూరులో కాపురం. నాకిప్పుడు అయిదో నెల. ఇక్కడ రక్తపరీక్ష చేయిస్తే వి.డి.ఆర్.ఎల్. రియాక్టివ్, 1:1 అని వచ్చింది. మా అమ్మ జమ్మలమడుగులో మళ్ళీ చేయిస్తే ఏమీ లేదన్నారు. మా అత్తగారు మొదటి కాగితాన్నే నమ్ముతున్నారు. మావారు నాతో మాట్లాడి పది రోజులయింది. ఏ కాగితం నిజం?”

సోదరీ! రెండు చోట్లా పరీక్ష సరిగానే చేసి ఉండవచ్చు. కళ్ళు తుడుచుకుని, వీలైతే మీ వారిని పక్కన కూర్చోబెట్టుకుని ఇది చదవండి.

సిఫిలిస్, అంటే మన పెద్దలు సవాయి అనే జబ్బు కోసం చేసే పరీక్ష ఇది. కాని ఇది ఆ క్రిమిని వెదకదు. 1941లో మేరీ పాంగ్‌బోర్న్ అనే శాస్త్రజ్ఞురాలు ఎద్దుగుండె నుంచి కార్డియోలిపిన్ అనే పదార్థాన్ని వేరుచేసింది. దానికి ఎదురు తిరిగే గుణం మన రక్తంలో ఉన్నదా అన్నదే ఈ పరీక్ష చూస్తుంది. సవాయి వస్తే ఆ గుణం పుడుతుంది. మలేరియా, కుష్ఠు వంటి జబ్బుల్లోనూ పుట్టవచ్చు. ఒక్కొక్కప్పుడు వట్టి గర్భంతోనే పుట్టవచ్చు.

1:1 అంటే రక్తరసాన్ని పలుచన చేయకుండా చూస్తేనే అది కనిపించిందన్నమాట. అంత స్వల్పమైనది ఒకచోట కనిపించి మరొకచోట కనిపించకపోవటం వింత కాదు.

అట్లాగని ఊరుకోకూడదు. మీ ఊరి బంగారు అంగళ్ళ సంగతి మీకు తెలిసిందే. గీటురాయి మీద అనుమానం వస్తే కరిగించి చూస్తారు కదా! వి.డి.ఆర్.ఎల్. గీటురాయి వంటిది. దాని తరువాత టి.పి.హెచ్.ఏ. అనే పరీక్ష ఉంది. అది ఈ క్రిమికే ప్రత్యేకం. ఆలస్యం చేయక అది చేయించండి. పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లోని సురక్ష క్లినిక్‌లలో ఇటువంటి జబ్బులకు ఉచితంగా, గుట్టుగా చూస్తారు.

అందులో లేదని వస్తే మొదటిది చాలావరకు ఉత్త అనుమానమే. డాక్టరు చెప్పిన గడువులో మరొక్కసారి చూపించుకుంటే చాలు. ఉన్నదని వస్తే భయపడకండి. పెన్సిలిన్ ఇంజక్షన్లతో నయమవుతుంది. సకాలంలో పడితే కడుపులోని బిడ్డకూ రక్ష. అశ్రద్ధ చేస్తే మాత్రం బిడ్డకు ప్రాణాపాయం. అప్పుడు మీ వారూ పరీక్ష, వైద్యం చేయించుకోవలసిందే. ఒకసారి జబ్బు వచ్చి నయమైనా టి.పి.హెచ్.ఏ. సాధారణంగా జన్మంతా అట్లాగే చూపుతుంది. అంచేత జబ్బు ఎప్పుడు వచ్చిందో, ఎవరినుంచి ఎవరికి వచ్చిందో ఆ కాగితం చెప్పలేదు.

ఇక మీ వారికి ఒక మాట. నాయనా! ఇది రక్తపరీక్షే గాని శీలపరీక్ష కాదు. ఆమెను ఒంటరిగా పంపకండి. మీరూ వెంట వెళ్ళి, మీ రక్తమూ ఇచ్చి రండి. బస్సులో పక్కన కూర్చుని నాలుగు మాటలు మాట్లాడండి.

అత్తగారికి మూడో కాగితం వచ్చాక చెప్పవచ్చు. అంతవరకు కోడలికి వేళకు ఇంత అన్నం పెట్టమనండి.