రెండు పడవల్లో ఏ పడవ?

రెండు పడవల మీద కాళ్ళు పెట్టకూడదంటారు. ఫ్లోరిడాలో టాంపా దగ్గరుండే మా పెద్దమ్మాయి, అల్లుడు పోయిన వేసవిలో నెలరోజులపాటు అచ్చంగా అదే పని చేశారు. ఆదివారాలు పిల్లల్ని సముద్రం మీద తిప్పడానికి సెకండ్‌హ్యాండ్ బోటు కొనాలని రెండింటిని చూసుకున్నారు. నేనూ అక్కడే ఉన్నాను కాబట్టి బేరానికి నన్నూ తీసుకెళ్ళారు. "పడవలతో మనకేం పని?" అనకండి. పిల్లలు అమెరికాలో ఉన్న తల్లులు మనలో చాలామందే. ఏదో ఒకరోజు మీ అమ్మాయీ అడగొచ్చు.

రెండూ సెంటర్ కన్సోల్ రకమే. అంటే నడిపే చక్రం, మీటర్లు నడిమధ్యన ఒక దిమ్మెలా ఉండి, చుట్టూ నడవడానికి ఖాళీ ఉంటుంది. గాలం పట్టుకుని తిరిగే మగవాళ్ళ కోసం చేసిన పడవన్నమాట. నీడా తక్కువే, కూర్చునే చోటూ తక్కువే.

మొదటిది 19 అడుగులు, 2018 మోడల్, అద్దంలా మెరిసిపోతోంది. రెండోది 23 అడుగులు, 2006 నాటిది, ఇంజను మాత్రం 2016లో మార్చారు. ధర ఇంచుమించు ఒకటే. అల్లుడి మనసు మెరిసేదాని మీద పడింది.

"బాబూ, మీరు నలుగురు, మీ అమ్మగారొస్తే ఐదుగురు. ఎవరెక్కడ కూర్చుంటారు? ఎండకెక్కడ తలదాచుకుంటారు? ఆడవాళ్ళకి అవసరమొస్తే?" అన్నాను. అల్లుడు నవ్వాడు. అమ్మాయి నవ్వలేదు.

పెద్దదానికి పైన గట్టి కప్పుంది. దిమ్మె పక్కన తలుపు తీస్తే లోపల చిన్న టాయిలెట్టుంది. మూడు నాలుగు గంటలు నీళ్ళ మీదుండే ఆడవాళ్ళకి అది షోకు కాదు. అంచు మా నాలుగేళ్ళ మనవడికి ఛాతీ దాకా వచ్చింది. చిన్నదాంట్లో వాడి నడుం దాటలేదు. అది చూసేసరికి నా గుండె గుభేలుమంది. 20 అడుగుల్లోపు పడవలకి ఎంతమంది ఎక్కొచ్చో, ఎంత బరువు మొయ్యగలదో రాసిన పలక ఉంటుంది. దానిమీద ఐదుగురనే ఉంది. మరి ఐసుపెట్టె, పులిహోర గిన్నె, చుట్టాలు?

అలాగని పాతదాన్ని కళ్ళు మూసుకుని కొనేయకూడదు. కారుకి కిలోమీటర్లలాగా బోటు ఇంజనుకి గంటల లెక్క చూడాలి. ఉప్పునీళ్ళు దేన్నైనా తినేస్తాయి. డబ్బిచ్చి సర్వేయరుని పిలిపించారు. ఆయన చిన్న సుత్తితో ఇంజను తగిలించే వెనకగోడంతా కొట్టి చూశాడు. లోపల చెక్క కుళ్ళితే శబ్దం బోలుగా వస్తుందట. గోడ గట్టిగానే ఉంది. నీళ్ళలో అరగంట నడిపినా ఇంజను వేడెక్కలేదు. కానీ అడుగున అల్యూమినియం పెట్రోలు ట్యాంకుకి తినేసిన గుంటలు కనిపించాయి. మార్చాలంటే పైనేల కొయ్యాల్సిందే. ఆ ఖర్చు ధరలో తగ్గించేదాకా అమ్మాయి సంతకం పెట్టలేదు. సర్వేయరు ఫీజు దండగని ముందు గొణిగింది అల్లుడే!

అక్కడ 26 అడుగుల్లోపు పడవ కదులుతుంటే ఆరేళ్ళలోపు పిల్లలకి లైఫ్‌జాకెట్టు వేసి తీరాలి. 1988 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు నడపాలంటే బోటు పాఠం చదివి కార్డు తెచ్చుకోవాలి. అల్లుడు 1986లో పుట్టాడు, చట్టం ప్రకారం అక్కర్లేదు. అయినా అమ్మాయి తనతోపాటు అతన్నీ కూర్చోబెట్టి చదివించింది.

ట్యాంకు మార్చి అక్టోబరు చివర్లో నీళ్ళలోకి దింపారు. ఈతరాని నేనూ ఎక్కాను, జాకెట్టు బకిలు రెండుసార్లు చూసుకుని.