మంచుపై నాచు: మింటినుండి సాక్ష్యము

1818వ సంవత్సరమున బ్రిటిషు నావికుడు జాన్ రాస్ గ్రీన్లాండు వాయవ్యతీరమున కొండచరియలపై నెత్తురువలె నెఱ్ఱనైన మంచును గాంచెను. అది మింటినుండి రాలిన యినుపధూళియని కొందఱూహించిరి. అది సూక్ష్మమైన నాచు. తీక్ష్ణమైన యెండనుండి తన్ను గాచుకొనుటకై పచ్చని నాచే యెఱ్ఱవన్నె దాల్చునని నేడెఱుగుదుము.

దీనిని వింతగా మాత్రమే చెప్పుకొను దినములు గతించినవి. తెల్లని మంచు తనపై బడిన యెండలో నధికభాగమును వెనుకకు మరల్చును. నాచుపట్టిన మంచు దానిని పీల్చుకొని కరగును. కరగిన నీటిలో నాచు మఱింత ప్రబలును. ఎఱ్ఱనాచువలన నొక్క కరగు ఋతువులో మంచు వెలుగును మరల్చు శక్తి నూటికి 13 వంతులు తగ్గవచ్చునని 2016లో ఉత్తరధ్రువ ప్రాంత పరిశోధకులు ప్రకటించిరి. కావున మంచు కరగుటను లెక్కించువారు నాచును విడిచి లెక్కించుట తగదు.

అయితే నాచు ఎచ్చట నెంత యున్నది? కేంబ్రిడ్జి పండితులును, బ్రిటిషు అంటార్కిటికు పరిశోధకులును గూడి 2020లో అంటార్కిటికు ద్వీపకల్పమున కొక పటము వెలువరించిరి. ఐరోపావారి సెంటినెల్-2 ఉపగ్రహముల చిత్రములే దానికాధారము. పత్రహరితము ఎఱ్ఱని వెలుగును మ్రింగును. దాని చెంతనే పరారుణపు టంచున నున్న వెలుగును విడిచిపెట్టును. వట్టి దుమ్మున కీ గుర్తు లేదు. ఇట్లు 1,679 పచ్చనాచు తావులు తేలినవి. అన్నియు గలిపినను 1.9 చదరపు కిలోమీటర్లే. మన పల్లెల పెద్దచెరువులు కొన్ని యింతకంటె పెద్దవి! వానిలో నూటికి 60కి మించినవి పెంగ్విను పక్షుల నెలవులకు 5 కిలోమీటర్లలోపుననే యున్నవి. ఆ పక్షుల రెట్టయే వానికి ఎరువు.

కాని యీ సంఖ్య కనీసము మాత్రమేయని మా యభిప్రాయము. ఎఱ్ఱనాచు ఇందు చేరలేదు. పది మీటర్ల గడిలో నిముడని చిన్న మచ్చ యుపగ్రహమునకు గానరాదు. మింటినుండి చూచిన సాక్షిని నేలపై ప్రశ్నింపక తీర్పు చెప్పరాదు. ఆ పరిశోధకులును మంచుపై నడచి, నమూనాలెత్తి, చిత్రములతో సరిపోల్చిన పిదపనే పటము గీచిరి.

ఇక మన హిమాలయముల మాట. నేపాళమునందలి యాలా హిమానీనదముపై నాచు గలదని జపాను శాస్త్రజ్ఞులు గత శతాబ్దముననే చూపిరి. శ్రీహరికోటనుండి 2011లోను, 2016లోను ఎగసిన మన రిసోర్సుశాట్ ఉపగ్రహములకు 5.8 మీటర్ల సూక్ష్మదృష్టి గలదు. కాని ఎఱుపునకు పరారుణమునకు నడుమనున్న సన్నని పట్టీని జూచు కన్ను ఆ పరికరమున కమర్పలేదు. ఆ కన్ను ఇకమీదటి వానికైన నమర్పవలెనని మేము కోరుచున్నాము. అమర్చినను వర్షర్తువున మేఘములు తూర్పు హిమాలయములను గప్పివేయును. మంచు కరగు కాలమును అదియే. మేఘములు తక్కువగు లాహుల్-స్పితిలో ఛోటాశిగ్రీ హిమానీనదమును 2002 నుండియు కొలుచుచున్నారు. కొలతకఱ్ఱలు పాతుటకు కొండయెక్కువారు మరలి వచ్చునపుడు, మచ్చపడిన తావులనుండి నాలుగు సీసాల మంచు నింపి, తేదీయు తావును వ్రాసి తెచ్చుట యెంత పని?